సివంగికి చోటు

2025 ఏప్రిల్ మొదటి వారంలో నాలుగు రోజుల తేడాతో రెండు వార్తలు నా ఫోన్లోకి వచ్చాయి. మొదటిది మా ఆఫీసుకి దగ్గర్లోనే జరిగింది. కంచ గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న నాలుగు వందల ఎకరాల్లో బుల్డోజర్లు చెట్లు తోసేస్తుంటే విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. రెండోది అమెరికాది. పదివేల ఏళ్ళకి ముందే అంతరించిపోయిన డయర్ వుల్ఫ్ అనే తోడేలుని మళ్ళీ పుట్టించామని కొలాసల్ అనే కంపెనీ ఏప్రిల్ 7న ప్రకటించింది. తెల్లటి కూనలు రెండు మోరెత్తి కూస్తున్న వీడియో మా టీమ్ గ్రూపులో రోజంతా తిరిగింది. కంచ గురించి మాత్రం ఆ గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు, ఆ దారిలో ట్రాఫిక్ గురించి తప్ప.

కొలాసల్ చేసిన పనిని తీసిపారెయ్యలేం. పదమూడు వేల ఏళ్ళ నాటి పన్ను నుంచీ, డెబ్భై రెండు వేల ఏళ్ళ నాటి పుర్రె నుంచీ డీఎన్ఏ తీసి చదివారు. ఆ తర్వాత మామూలు బూడిదరంగు తోడేలు కణం తీసుకుని, పద్నాలుగు జన్యువుల్లో ఇరవై చోట్ల మార్పులు చేసి, ఆ పిండాలని పెంపుడు కుక్కల కడుపున పెంచారు. వచ్చినది ఇరవై మార్పులున్న తోడేలు. దాన్ని డయర్ వుల్ఫ్ అనొచ్చా లేదా అన్నది పేరు మీద తగువు, అది నాకంత ముఖ్యంగా అనిపించలేదు. నాకు గుర్తొచ్చింది వేరే. ఇలాంటి మాట నేను చిన్నప్పుడే, హైదరాబాదు నుంచే విన్నాను. హైస్కూల్లో ఉండగా సీసీఎంబీ వాళ్ళు చీతాని క్లోనింగ్‌తో పుట్టిస్తారని పేపర్లో వస్తే, ఆ ముక్క కత్తిరించి సైన్సు నోటుబుక్కు అట్ట లోపల అంటించుకున్నాను. ఆ చీతా రాలేదు. ఎందుకు రాలేదో ఈమధ్య దాకా నేనూ వెతకలేదు.

ముందు పేరు సంగతి. మన పేపర్లలో చిరుత అంటే లెపర్డ్. తిరుమల నడకదారిలో కనిపించిందని హడావుడి అయ్యేది అదే. చీతా వేరు. సన్నటి నడుము, కంటి కొస నుంచి నోటి దాకా దిగే నల్లటి చార, పూర్తిగా లోపలికి ముడుచుకోని గోళ్ళు. గర్జన దాని గొంతుకి రాదు. తమిళంలో దీన్ని సివింగి అంటారు. మనం తెగువగల ఆడమనిషిని ఆడసివంగి అంటాం, అంటూ మనసులో ఆడసింహాన్ని ఊహించుకుంటాం. మన సివంగి ఆ తమిళ సివింగికి తోబుట్టువేనని నాకనిపిస్తుంది. జంతువు పోయాక పేరు ఖాళీగా ఉండదు కదా, ఇంకో జంతువు వచ్చి అందులో చేరిపోతుంది.

మనదేశంలో చీతా చరిత్ర అంటే చాలావరకు వేట చరిత్రే. అయితే చీతాని వేటాడిన చరిత్ర కంటే, చీతాతో వేటాడించిన చరిత్ర పెద్దది. కళ్ళకి గంతలు కట్టి ఎడ్లబండి మీద కూచోబెట్టి తీసుకెళ్ళేవాళ్ళు. ఎడ్లబండిని చూసి కృష్ణజింకలు బెదరవు, రోజూ చూసేదే. మంద దగ్గరికి వెళ్ళాక గంతలు విప్పుతారు. ఆ తర్వాత అంతా నిమిషంలోపే. తండ్రి అక్బరు దగ్గర వెయ్యి చీతాలుండేవని జహంగీరు రాసుకున్నాడు. అన్ని చీతాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు విషయం. చీతా బోనులో ఈనదు. జహంగీరు కాలంలో ఒకే ఒక్కసారి ఈని మూడు కూనల్ని పెడితే, ఆయన దాన్ని వింతగా నమోదు చేశాడు. మళ్ళీ మనుషుల చేతుల్లో చీతా ఈనిన నమోదు 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో. అంటే దాదాపు మూడున్నర శతాబ్దాల పాటు రాజుల కొట్టాల్లో ఉన్న ప్రతి చీతా అడవిలో పుట్టి, అడవి నుంచి పట్టుకొచ్చినదే. పైగా పిల్లల్ని పట్టుకొస్తే పనికిరావు. వేట నేర్పాల్సింది తల్లి. అందుకని తల్లి దగ్గర నేర్చుకుని ఎదిగినవాటినే, అవి మాటిమాటికీ వచ్చి గోళ్ళు గీరుకునే చెట్ల చుట్టూ ఉచ్చులు పన్ని పట్టేవాళ్ళు. పిల్లల్ని కనాల్సిన వయసులో ఉన్నవే ఏటేటా అడవి నుంచి మాయమయ్యాయి.

ఈ కథలో మన ఊళ్ళు కూడా ఉన్నాయి. 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా పనిచేస్తున్న ఇర్విన్ అనే దొర, విజయనగరం రాజావారి వేట చీతా దాడిలో చనిపోయాడు. ఇండియాలో చీతా వల్ల మనిషి చనిపోయినట్టు నమోదైన ఘటన ఇదొక్కటే అంటారు, అదీ పెంపుడు చీతా వల్ల. అయినా పులితో, చిరుతతో పాటు చీతాని కూడా క్రూరమృగాల జాబితాలో వేసి, కొన్నిచోట్ల చంపినవాళ్ళకి బ్రిటిష్ ప్రభుత్వం బహుమతులిచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి సంస్థానాధీశులకి వేటకి చీతాలు దొరకడమే కష్టమైంది. అప్పుడేం చేశారో తెలుసా? ఆఫ్రికా నుంచి కొనుక్కున్నారు. ఈ విషయం మీద పుస్తకమే రాసిన దివ్యభానుసింహ లెక్క ప్రకారం 1918, 1945 మధ్య కనీసం రెండు వందల చీతాలు ఓడల మీద ఇండియాకి దిగాయి. 2022లో ఆఫ్రికా చీతాలు మొదటిసారిగా మన నేల మీద కాలుపెట్టాయన్నట్టుగా టీవీలు చేసిన హంగామా చూసి నాకు కొంచెం నవ్వొచ్చింది.

చివరి అధ్యాయం అందరికీ తెలిసిందే. 1947 చివర్లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధీశుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రిపూట కారులో వెళుతుంటే హెడ్‌లైట్ల వెలుగులో మూడు చీతాలు కనిపించాయి. మూడూ మగవే, బహుశా ఒక్క కాన్పువే. మొదటి గుండుకి ఒకటి పడింది. రెండో గుండు ఒకదానిలోంచి దూసుకెళ్ళి వెనకున్న మూడోదానికి తగిలింది. ఈ సంగతి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికకి ఘనకార్యంగా చేరితే, సంపాదకులు అచ్చువేస్తూనే ఘాటుగా చీవాట్లు పెట్టారు. దేశంలో చివరి చీతాలు ఇవేనని మనం చదువుకుంటాం. కానీ 1952లో అదే పత్రికలో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన రాసిన చిన్న నోటు ఒకటుంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో చీతాని చూసిన సంగతి అది. ఆ ఏడాదే చీతా అంతరించిపోయిందని ప్రభుత్వం ప్రకటించింది. మన చిత్తూరు బీళ్ళలో ఆ రాత్రి కనిపించింది ఒంటరిదో, దాని వెనక ఇంకొకటుందో చెప్పగలిగేవాళ్ళు లేరు. సినిమాకి పనికొచ్చేది రాజావారి తుపాకీ కాబట్టి కథ అక్కడ ఆగింది.

ఇక హైదరాబాదు. 1996లో డాలీ అనే గొర్రెపిల్ల స్కాట్లాండులో పుట్టింది, మరుసటి ఏడాది లోకానికి తెలిసింది. ఇటు హబ్సిగూడ సీసీఎంబీకి డైరెక్టరుగా ఉన్నది లాల్జీ సింగ్, ఇండియాలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ని నిలబెట్టిన శాస్త్రవేత్త. ఆయన ఆధ్వర్యంలోనే అంతరించిపోతున్న జంతువుల కోసం అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రయోగశాల వచ్చింది. చీతా ప్రణాళిక ఇది: ఇరాన్‌లో ఇంకా కొన్ని ఆసియా చీతాలు మిగిలి ఉన్నాయి. ఒక జంటని ఇస్తే సరే. ఇవ్వకపోతే కనీసం వాటి చర్మం నుంచి కాసిని కణాలు తీసుకోనిస్తే చాలు. వాటిని ల్యాబులో పెంచి, ఒక కణం కేంద్రకాన్ని ఖాళీ చేసిన చిరుత అండంలో పెట్టి, ఆ పిండాన్ని చిరుత కడుపులో మొయ్యించాలి. ఇరాన్ చీతాని ఇవ్వలేదు, కణాలూ ఇవ్వలేదు. బదులుగా గిర్ సింహాన్ని అడిగిందనీ, మనవాళ్ళు ఒప్పుకోలేదనీ అంటారు. ఇచ్చిపుచ్చుకోవడాల ఈ మాటలు కొత్తవి కూడా కాదు. 1970లలోనే సింహాలిస్తాం, చీతాలివ్వండని చర్చలు జరిగాయి, షా పాలన కూలిపోవడంతో అవి అక్కడే ఆగిపోయాయి.

ఇరాన్ సరేనని ఉంటే? ఈ ప్రశ్నకి పక్కనే ఒక సమాధానం ఉంది. స్పెయిన్‌లో పిరనీ కొండల్లో బుకార్డో అనే అడవిమేక జాతిలో చివరికి మిగిలిన ఆడది, సీలియా, 2000 జనవరిలో చెట్టు మీద పడి చచ్చిపోయింది. దానికి కొన్ని నెలల ముందే చెవి నుంచి చిన్న ముక్క తీసి ఫ్రీజ్ చేసి ఉంచారు. 2003 జులైలో ఆ కణాల నుంచి ఒక పిల్ల పుట్టింది. ఊపిరితిత్తుల్లో లోపంతో కొద్ది నిమిషాలకే పోయింది. ప్రపంచంలో అంతరించిపోయాక తిరిగి పుట్టిన జాతి అదొక్కటే, రెండుసార్లు అంతరించిన జాతీ అదొక్కటే. అది బతికినా ఒరిగేదేముంది? దాచినవన్నీ ఒక్క ఆడదాని కణాలు. జోడీకి మగది ఎక్కడి నుంచి వస్తుంది?

నేను చేసే ఉద్యోగంలో బ్యాకప్ నుంచి రిస్టోర్ చెయ్యడం రోజువారీ పని. డేటాబేసుని తిరిగి ఎక్కించడం ఎంత సులువో, దాన్ని వాడుకునే ప్రోగ్రాములు మారిపోయి ఉంటే ఆ డేటా ఎంత దండగో కూడా మాకు తెలుసు. చీతా విషయంలో అలా మారిపోయినదేమిటో ఆలోచిస్తే, జవాబు నేనున్న ఊళ్ళోనే దొరికింది.

చీతా దట్టమైన అడవిలో బతికేది కాదు. దానికి కావలసింది గడ్డి, అక్కడక్కడా పొదలు, చూపు ఆనినంత దూరం ఆరుబయలు. మన భాషలో అలాంటి నేలకి బోలెడు పేర్లున్నాయి. బీడు, బంజరు, పోరంబోకు, తెలంగాణలో కంచ. పల్లెటూరివాడికి కంచ అంటే పశువులు మేసే చోటు. శిస్తు లెక్కలు కట్టిన కంపెనీవాడికి మాత్రం శిస్తు రాని నేలంతా వేస్ట్. ఆ మాట ఇంగ్లీషువాడితో పాటు పోలేదు. కేంద్ర భూవనరుల శాఖ ఇప్పటికీ వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ అని ఒక పెద్ద పుస్తకం వేస్తుంది. 2019 అట్లాసు ప్రకారం దేశంలో ఇలాంటి నేల 5.57 లక్షల చదరపు కిలోమీటర్లు, మొత్తం దేశంలో దాదాపు 17 శాతం. అందులో పొదలున్న నేలలది పెద్ద వాటా. ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ పటాలు గీసేది హైదరాబాదు బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ.

ఈ సంగతి తెలిసినరోజు నేను మ్యాపు తెరిచి చూసుకున్నాను. చీతాని పుట్టిద్దామనుకున్న అత్తాపూరూ, చీతా తిరిగే నేలని వృథా భూమి అని గీసే బాలానగరూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. రెండు చోట్లా నిజాయితీగా, నైపుణ్యంతో పనిచేసేవాళ్ళే ఉన్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు ఇది చెప్పేది. వేస్ట్ అన్న మాట పడ్డాక ఆ నేలకి ఏదో ఒక ఉపయోగం వెతకాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పడుతుంది. యూకలిప్టస్ తోటలు, కాలనీలు, సోలార్ పార్కులు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుంది. ఇదే జిల్లాలో బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్ళపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట ఏళ్ళ తరబడి కనిపించడం లేదు. సోలార్ కరెంటు వద్దని నేననలేను, మా సర్వర్లు కరెంటు మీదే నడుస్తాయి. మా ఆఫీసున్న నేల కూడా ముప్ఫై ఏళ్ళ కిందట రాళ్ళూ పొదలే.

క్లోనింగ్ కుదరకపోయేసరికి ప్రభుత్వం ఆఫ్రికా దారి పట్టింది. 2013లో సుప్రీంకోర్టు వద్దంది, 2020లో ప్రయోగంగా చెయ్యొచ్చంది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చాయి. ఆఫ్రికా చీతాలూ ఆసియా చీతాలూ 32 వేల నుంచి 67 వేల ఏళ్ళ కిందటే విడిపోయాయని 2011లో వచ్చిన ఒక అధ్యయనం. కాబట్టి ఇవి తిరిగొచ్చినవి కావు, కొత్తగా వచ్చినవి. మొదటి ఏడాదిలోనే ఆరు పెద్దవీ మూడు కూనలూ చచ్చిపోయాయి. తర్వాత మళ్ళీ ఈనాయి, కొన్ని కూనలు నిలదొక్కుకున్నాయి. ఈ ప్రయోగం పూర్తిగా ఓడిపోతుందని పందెం కాసేవాళ్ళలో నేను లేను.

నాకు మింగుడుపడనిది కూనో పాత కథ. గిర్ సింహాలకి రెండో ఇల్లు కావాలని ఇరవై నాలుగు ఊళ్ళని, పదిహేను వందలకి పైగా కుటుంబాలని అక్కడి నుంచి లేపారు. వాళ్ళలో ఎక్కువమంది సహరియా ఆదివాసులు. సింహాల్ని ఆరు నెలల్లో పంపమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. సింహం ఈరోజుకీ రాలేదు. గుజరాత్‌లో బతికే ఉన్న సింహాన్ని పక్క రాష్ట్రానికి పంపించలేకపోయిన దేశం, చచ్చిపోయిన చీతా కోసం సముద్రాలు దాటింది. బతికున్న జంతువు ఎవరిదో ఒకరిదై ఉంటుంది, దాని మీద హక్కుంటుంది, గొడవుంటుంది. పోయిన జంతువు కోసం ఎవరూ పోట్లాడుకోరు. పోయినవాటిని తేవడం మీద ఇంత మోజు ఎందుకో నాకు ఇక్కడ అర్థమైంది.

అంటే ల్యాబులు మూసెయ్యమని కాదు. అమెరికాలో నల్లకాళ్ళ ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువు ఏడింటి సంతానంగానే మిగిలితే, 1988లో దాచిన కణాల నుంచి 2020లో ఒకదాన్ని క్లోన్ చేశారు. ఆ జంతువు ఇంకా బతికే ఉంది, దానికి తల్లులున్నారు, తిరిగే మైదానాలున్నాయి. తగ్గిపోయిన జన్యు వైవిధ్యాన్ని ఫ్రీజరు కాస్త పూడ్చింది. మన అత్తాపూరు ల్యాబు కూడా చీతా ఆశ వదులుకున్నాక ఇలాంటి పనే చేసింది. మూషిక జింకలని, కుందేలంత ఉంటాయి, జూపార్కులో పెంచి వందల్లోకి తీసుకొచ్చారు. 2017 నుంచి వాటిని నల్లమలలో అమ్రాబాద్ అడవిలోకి వదులుతున్నారు. దీని మీద మా గ్రూపులో ఎవరూ వీడియో పెట్టలేదు.

చివరగా ఒక పిట్ట గురించి చెప్పాలి. ఏ ల్యాబూ లేకుండా అంతరించిన జాబితా నుంచి తిరిగొచ్చిన పిట్ట. జెర్డన్ అనే డాక్టరు 1848లో లోకానికి చెప్పిన కలివికోడి 1900లో అనంతపురం వైపు కనిపించి, ఆ తర్వాత ఎనభై ఏళ్ళకి పైగా ఎవరికీ కనబడలేదు. పోయిందనే అనుకున్నారు. 1980లలో బొంబాయి సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెలు తిరుగుతూ, బొమ్మ చూపించి ఈ పిట్టని చూశారా అని అడిగాడు. పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పిట్ట అది. 1986 జనవరిలో సిద్ధవటం వైపు ఒక ఊరి వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ ఒక్క పిట్టా బతకలేదు. కానీ అది ఎక్కడుంటుందో ఊళ్ళోవాళ్ళకి తెలుసని లోకానికి తెలిసింది. లంకమల అభయారణ్యం అలా వచ్చింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ జరిగినది ఓపికతో కూడిన పని. నేల మీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి పొద్దున్నే కాలిగుర్తులు వెతకడం, సాయంత్రాలు రికార్డు చేసిన కూత వినిపించి బదులొస్తుందేమో చెవులు రిక్కించడం. తేలిందేమిటంటే, కలివికోడికి పొదలు మరీ దట్టంగా ఉండకూడదు, మరీ పలచగానూ ఉండకూడదు. హెక్టారుకి మనిషెత్తు దాటిన పొదలు మూడు నుంచి ఏడు వందల దాకా ఉన్నచోట అది ఎక్కువగా ఉంటుంది. కట్టెలు కొట్టుకునేవాళ్ళూ మేకలూ పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్మేస్తాయి, మితిమీరితే నేల బోడిదవుతుంది. అంటే ఆ పిట్ట ఇల్లు కొంత మేకలు మేసి కట్టినదే. అట్లాసులో ఇలాంటి నేలకి గడి ఒకటే: పొదలున్న వృథా భూమి.

2005లో తెలుగుగంగ కాలువ పనికి యంత్రాలు ఆ పొదల్లోకి దిగాయి. కలివికోడి కూత వినబడ్డ చోట్లే అవి. అటవీశాఖ పని ఆపించింది, విషయం ఢిల్లీ దాకా వెళ్ళింది, చివరికి కాలువ దారి మార్చారు. దారి మార్చడమంటే డబ్బు, ఏళ్ళ ఆలస్యం, నీళ్ళ కోసం ఎదురుచూసే రైతుల కోపం. కలివికోడిని కళ్ళతో చూసినవాళ్ళు ఆ జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. నేనూ చూడలేదు. పోయినేడాది కంచ వార్తలు చదివిన రాత్రి ఉపగ్రహ పటంలో ఆ కాలువ వెంట వేలు జరుపుకుంటూ వెళ్ళాను. అది ఆ కొండవారకొచ్చి పొదలని తప్పించుకుని పక్కకి తిరిగిన చోట ఆగి, చాలాసేపు జూమ్ చేసి చూశాను. పైనుంచి చూస్తే అక్కడేమీ లేనట్టే ఉంటుంది.